నమ్మని ఎత్తు

పోతి రేవులో ఆ వారమంతా వానే.
నావికుల క్లబ్బు పైకప్పు మూడు చోట్ల కారుతుంటే
మూడు బకెట్లు పెట్టి
నాలుగో బల్లని గోడవైపు జరిపించాను.
నేను పోటీ జరిపించేవాణ్ణి.
గడియారాలు సరిచూడడం, సంతకాలు తీసుకోవడం,
దగ్గేవాళ్ళ వంక గుర్రుగా చూడడం నా పని.

నాలుగో బల్ల దగ్గర
తెల్లపావులు దెమెత్రె కర్దవావి. పదిహేడేళ్ళు.
రేటింగు రెండువేల నాలుగువందల పదకొండు.
నల్లపావులు త్సియాలా జోజువావి. రేవులో క్రేను నడుపుతుంది.
పదిహేనువందల ఎనభై ఏడు.
మధ్య ఎనిమిదివందల ఇరవై నాలుగు.
అదెంత దూరమో నేను చెప్పలేను గానీ
కుర్రాడు కోటు విప్పకుండానే కూర్చున్నాడు.

ఆమె రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది,
జేబులో కాగితం చుట్టిన లోబియాని రొట్టెతో.
పావుని కదిపే తీరు చూడాలి:
పైకెత్తి, ఒక్క క్షణం ఆపి,
ఊగిసలాట ఆగాక దించుతుంది,
కింద ఎవరో మనిషి నిలబడి ఉన్నట్టు.

ముప్పయ్యొకటో ఎత్తు దగ్గర
పంతొమ్మిది నిమిషాలు కూర్చుంది.
బకెట్టు నిండింది. పారబోసి వచ్చాను. ఇంకా అక్కడే.
గుర్రాన్ని ముట్టబోయింది. ముట్టలేదు.
చివరికి రాజుని ఒక గడి వెనక్కి జరిపింది.
కుర్రాడు అప్పుడు కోటు విప్పాడు.

ఇక అరగదీశాడు, నెమ్మదిగా.
ఒక బంటు. ఇంకో బంటు. ఏనుగులకి ఏనుగులు.
ఉన్న ఒక్క గుర్రాన్నీ ఆమె జి వరుస బంటు కోసం
చిల్లర లెక్కపెట్టుకోకుండా ఇచ్చినట్టు ఇచ్చేసింది.
వాడికి మిగిలింది అంచు బంటు ఒకటి, శకటు ఒకటి.
శకటుని మా వైపు తాబేలంటాం.
వాడి తాబేలుది తెల్ల గళ్ళ దారి.
బంటు చేరాల్సిన మూల గడి నల్లది.
పుట్టిన రంగు దాటి తాబేలు అడుగు పెట్టలేదు.
ఆ నల్ల మూలలోకి ఆమె రాజు వెళ్ళాడు,
వానకి చూరు కింద చేరిన దారినపోయేవాడిలా.

వాడికి తెలుసు. వాడికి తెలుసని ఆమెకీ తెలుసు.
అయినా ఇంకో ఇరవై ఎత్తులు ఆడాడు,
ఆ ఎనిమిదివందల ఇరవై నాలుగులో
ఎక్కడో ఒక దారి ఉండి తీరాలన్నట్టు.
ఆమె రాజు మూలకి, మూల పక్కకి, మళ్ళీ మూలకి.
ఆఖరికి కదలడానికి గడి లేదు. చెక్ కూడా లేదు.
ఎవరూ కొట్టలేదు, ఎక్కడికీ పోలేడు.
అంతే, ఆట అయిపోయింది.

పట్టీలో అర రాశాను, ఎదురుగా ఇంకో అర.
ఆమెకి ఎనిమిది పాయింట్లు వస్తాయి,
వాడికి నాలుగు పోతాయి.

చేతులు కలిపాక కూడా వాడు లేవలేదు.
గబగబా పావులు వెనక్కి పేర్చాడు,
ముప్పయ్యొకటో ఎత్తు దాకా.
నల్ల గుర్రాన్ని ఎఫ్-మూడులో పెట్టి "ఇది" అన్నాడు.
"ఇది ఆడుంటే నాలుగెత్తుల్లో నా పని అయిపోయేది.
ఆ పంతొమ్మిది నిమిషాలూ నాకు ఊపిరాడలేదు."

ఆమె రొట్టె పొట్లం విప్పుతోంది.
"చూశాను" అంది.
"మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ నువ్వు ఓడిపోయావు.
నువ్వు ఓడిపోవు కదా,
లెక్కే తప్పనుకున్నాను."

వాడు గుర్రాన్ని చేతిలోంచి దించలేదు చాలాసేపు.
ఆమె రొట్టె తుంచి ఇచ్చింది.
సగం కాదు, చిన్న ముక్క.

మర్నాడు బతూమి నుంచి వచ్చిన పదకొండేళ్ళ పిల్లతో ఆడింది.
ఈసారి తన లెక్కని నమ్మి
గుర్రాన్ని దూకించింది. లెక్క తప్పింది.
ఇరవై రెండెత్తుల్లో ఓడి
నవ్వుకుంటూ సంతకం పెట్టి డ్యూటీకి పరిగెత్తుతుంటే
వెనకనుంచి కేకేశాను,
బకెట్టు, బకెట్టు, చూసుకో అని.